మస్తాన్ వలీ కారం మానేసిన సీజన్

సర్వీసులో ఉన్నన్నాళ్ళూ సైనికుడికి పొట్ట పెరిగితే సైన్యం ఊరుకోదు. సర్వీసు అయిపోయాక అదే పొట్ట అతన్ని కాన్సర్ దగ్గరికి నెడుతుంటే చెప్పేవాడు ఒక్కడూ ఉండడు. ఇది తప్పు. ఈ మాట ఇప్పుడు మర్యాదగా రాస్తున్నాను. మర్యాద లేకుండా చాలాసార్లు అన్నాను, ఎవరూ వినలేదు.

నేను సైన్యంలో పీటీ ఉస్తాద్‌ని. అంటే జవాన్ల చేత పరుగులు పెట్టించి, తాడు ఎక్కించి, దండీలు తీయించే హవల్దారుని. మా దగ్గర ‘లో మెడికల్ క్యాటగిరీ’ అని ఒకటుండేది. బరువు హద్దు దాటినా, మోకాలు దెబ్బతిన్నా ఆ జవానుని అందులో వేస్తారు. అందులో పడ్డవాడికి ప్రమోషన్ ఆగిపోతుంది, కోర్సులకి పంపరు. అందుకని ఆ పేరు వింటే చాలు, బెల్టు చివరి కన్నం దాకా వెళ్ళినవాడు కూడా తెల్లారేసరికి గ్రౌండులో ఉండేవాడు. నన్ను బూతులు తిట్టుకుంటూనే పరుగెత్తేవాడు. తిట్టుకుంటే నాకేం, పరుగెత్తాడు కదా!

ఊరొచ్చాక సత్తెనపల్లిలో ఖాళీ గ్రౌండు చూసుకుని, సైన్యంలో చేరాలనుకునే కుర్రాళ్ళకి ట్రైనింగ్ ఇవ్వడం మొదలుపెట్టాను. ఇప్పటికీ అదే నా పని. నేను బళ్ళో చదివింది ఏడో తరగతి దాకా. మిగతాదంతా బ్యారక్‌లో డిక్షనరీ పక్కన పెట్టుకుని పాత ఇంగ్లీషు పత్రికలు చదివి నేర్చుకున్నది. ఒంటి గురించి ఏది కనబడినా చదువుతాను. అర్థం కాకపోతే కనపడ్డ డాక్టరునల్లా అడుగుతాను. విసుక్కుంటారు. అయినా అడుగుతాను.

అలా చదువుతుంటే ఒకరోజు తగిలింది ఈ సంగతి. కొవ్వంటే ఒంట్లో ఊరికే పడుండే సరుకు కాదట! మూలన పడేసిన పత్తి నింపిన బోరెం లాంటిదనుకున్నాను ఇన్నాళ్ళూ. కాదు. ముఖ్యంగా పొట్ట లోపల పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వు రాత్రింబవళ్ళు పనిచేస్తూనే ఉంటుంది. రకరకాల రసాయనాలు రక్తంలోకి వదులుతుంది. ఇన్సులిన్ పెరుగుతుంది. లోపల పైకి కనిపించని వాపు ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. ఆ సందడిలో కణాలు ఉండాల్సిన దానికంటే జోరుగా పెరుగుతాయి, ఆ జోరులో ఎక్కడో ఒకటి దారి తప్పుతుంది. పెద్దపేగు, కిడ్నీ, కాలేయం, క్లోమం, ఇలా చాలా చోట్ల కాన్సర్ వచ్చే ప్రమాదం పెరుగుతుందని చదివాను. చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నాకు కళ్ళముందు కనిపించింది మా మాజీ సైనికుల సంఘం గ్రూపు ఫోటో!

మావాళ్ళ కథంతా ఒకటే. పదిహేడేళ్ళు, ఇరవయ్యేళ్ళు బరువులు మోసి కొండలెక్కిన ఒళ్ళు. ఆ పనికి సరిపడా తిండి అలవాటైన నోరు. ఒకరోజు బూట్లు విప్పేస్తారు. కొండలు ఆగిపోతాయి, తిండి ఆగదు. మోకాళ్ళు అప్పటికే అరిగి ఉంటాయి. ఆ మీదట దొరికే ఉద్యోగం సెక్యూరిటీ గార్డు, అంటే గేటు దగ్గర కుర్చీ. పైగా మన ఊళ్ళల్లో పొట్టకి ఉన్న మర్యాద మీకు తెలుసు. ‘ఒళ్ళు చేశాడు, నిండుగా ఉన్నాడు’ అని మెచ్చుకుంటారు. సన్నగా ఉన్న నన్ను చూసి మాత్రం ‘ఏం ఉస్తాద్, ఇంట్లో తిండి పెట్టట్లేదా?’ అంటారు.

ఇక అసలు సంగతికి వస్తాను. కరోనా గోల సద్దుమణిగాక వచ్చిన మిరప సీజన్ అది. కోతలయ్యి, సత్తెనపల్లి చుట్టుపక్కల రోడ్లన్నీ మిరప టిక్కీల లారీలతో, అంటే మిరపకాయల బస్తాలు మోసే లారీలతో, నిండిపోయిన రోజులు. ఆ సీజన్ మొదట్లో మా సంఘం కల్యాణ మండపంలో వైద్య శిబిరం పెట్టింది. బీపీ చూశారు, షుగరు చూశారు, కళ్ళు చూశారు. ఒక డాక్టరుగారు మైకు పట్టుకుని సిగరెట్టు మానమన్నారు. మంచిమాటే. బరువు గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. ఆ తర్వాత అందరికీ టిఫిను: పూరీ, మైసూరు బోండా, నెయ్యి కారే ఉప్మా!

నేను లేచి నిలబడ్డాను. మా సంఘం అధ్యక్షుడు ఆనరరీ కెప్టెన్‌గా రిటైరైన పెద్దాయన. మంచి ఎత్తు, ఎత్తుకి తగిన మీసం, రెండింటినీ మించిన పొట్ట. మేమంతా ఆయన్ని ‘సాబ్’ అంటాం.

“సాబ్, ఒక్క ఐదు నిమిషాలు మైకివ్వండి. పొట్టకీ కాన్సర్‌కీ ఉన్న సంబంధం చెబుతాను.”

హాల్లో ఎవరో పకపకా నవ్వారు. సాబ్ నవ్వలేదు. “పొట్ట గురించి మైకులోనా? పెద్దమనుషులు కూర్చున్నారు ఉస్తాద్. అవమానించినట్టుంటుంది.”

“జబ్బు సంగతి చెబితే అవమానమేంటి సాబ్?”

“రిటైరయ్యాం కదయ్యా! ఇంకా పరుగులు పెట్టిస్తావా? తిననివ్వు. మైకు సంగతి చూద్దాంలే.”

ఆ నవ్వినవాడు మస్తాన్ వలీ. నాయక్‌గా రిటైరయ్యాడు. నేనూ వాడూ ఒకే రెజిమెంట్. పక్కపక్క మంచాల మీద పడుకున్నవాళ్ళం. కశ్మీరు చలిలో వాడు గోంగూర పచ్చడి గురించి వర్ణిస్తుంటే సగం బ్యారక్ నిద్రపోకుండా వినేది. ఇప్పుడు వాడు మిరపకాయలు దాచే కోల్డ్ స్టోరేజి గేటు దగ్గర గార్డు. వాడి పొట్టకి వాడే పేరు పెట్టుకున్నాడు, ‘పెన్షన్ మెడల్’ అని. చొక్కా మీద కాకుండా చొక్కా లోపల పెట్టుకునే మెడల్ అట!

శిబిరం అయిన కొద్దిరోజులకి ఆ కోల్డ్ స్టోరేజి మీదుగా వెళ్తూ ఆగాను. గేటు దగ్గర లారీలు బారులు తీరి ఉన్నాయి. ఘాటుకి నా కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. మస్తాన్ కుర్చీలో కూర్చుని, పక్కన స్టీలు క్యాను పెట్టుకుని, గ్లాసుల మీద గ్లాసులు మజ్జిగ తాగుతున్నాడు.

“ఏరా, ఈ మజ్జిగ అభిషేకమేంటి?”

“వేడి చేసిందిరా కోటిగా. పొద్దున సబ్జా గింజలు, మధ్యాన్నం మజ్జిగ. మీరాబీ ఆర్డరు.” మీరాబీ వాడి భార్య.

“వేడంటే? జ్వరమా?”

వాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “దొడ్డికెళ్తే కాస్త రక్తం పడుతోంది. ఏం లేదులే, మొలలు. మిరప సీజన్ కదా. రోజంతా ఈ ఘాటు పీలుస్తాం, ఇంటికెళ్ళి అదే తింటాం. మన గుంటూరు వైపు ఇది మామూలేగా.”

“ఎన్నాళ్ళ నుంచి?”

“ఎవడు లెక్కబెట్టాడు? పోయిన సీజన్లో కూడా వేడి చేసింది.”

“ఒరేయ్, పోయిన సీజన్ నుంచి రక్తం పడుతుంటే మజ్జిగ తాగుతూ కూర్చున్నావా! పద గుంటూరు. పెద్దపేగు పరీక్ష చేయిద్దాం.” కొలనోస్కోపీ అంటారు దాన్ని. సన్నటి గొట్టం చివర కెమెరా ఉంటుంది, దాన్ని వెనకనుంచి పంపి పేగు లోపలంతా చూస్తారు. ఇదంతా వాడికి వివరంగా చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

వాడు కుర్చీలో వెనక్కి వాలి పొట్ట ఊగేలా నవ్వాడు. “శత్రువుకి ఏనాడూ వీపు చూపించనివాణ్ణిరా నేను. ఆ డాక్టరుకి చూపించమంటావా?”

“వాళ్ళకి కావలసింది వీపు కాదురా, ఇంకాస్త కింద.”

దించుతున్న టిక్కీలు అక్కడే వదిలేసి హమాలీలు కూడా నవ్వడం మొదలుపెట్టారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. నేను తిట్టాను, వాడు తిట్టాడు. పొట్ట సంగతి ఎత్తాను. “పొట్టుంటే కాన్సరొస్తుందా? ఇంకా నయం, మీసముంటే మశూచి వస్తుందనలేదు” అన్నాడు. వాడితో మాటల్లో ఎవడూ గెలవలేడు. అప్పుడు తట్టింది నాకు ఒక ఉపాయం.

“సరేరా. మిరపకాయే కారణమంటావు కదా? అయితే కారం మానెయ్. పచ్చిమిర్చి, ఎండుమిర్చి, పచ్చళ్ళు, కారప్పొడి, ఏదీ నోట్లో పెట్టకు. వారం తిరిగేసరికి రక్తం ఆగిందా, నేను మళ్ళీ నీ పొట్ట జోలికి రాను. ఆగలేదా, నోరు మూసుకుని నాతో గుంటూరొస్తావు. మొగాడివైతే పందెం కాయి.”

హమాలీలు కేకలేశారు. అంతమంది ముందు వెనక్కి తగ్గుతాడా వాడు? లేచి నిలబడి సెల్యూట్ కొట్టాడు. “కబూల్!”

మన వైపు మనిషి కారం మానేస్తే ఏమవుతుందో నేను ఊహించలేదు. ఊరంతా తెలిసిపోయింది! మీరాబీ పచ్చడి జాడీలన్నీ తీసుకెళ్ళి పక్కింట్లో పెట్టింది, రాత్రిపూట తీస్తాడేమోనని. చప్పిడి పప్పు, పాలుపోసిన సొరకాయ కూర, పెరుగన్నం. వాళ్ళ వీధిలో ఒకావిడ గుమ్మంలోకి వచ్చి మరీ అడిగిందట, “ఏమమ్మా మీరాబీ, మీ ఆయనకి బాలింత పథ్యం పెడుతున్నావా, పుట్టింది మగా ఆడా?” అని. కోల్డ్ స్టోరేజిలో హమాలీలు రోజూ వాడి క్యారేజి మూత తీయించి తనిఖీ చేసేవాళ్ళు. నాకు ఫోన్ చేసి నోరారా తిట్టేవాడు. “ఒరేయ్ కోటిగా, మంచు కొండల్లో కూడా ఇంత చప్పిడి కూడు తినలేదురా. నాలిక మీద గడ్డి మొలుస్తోంది.”

తిట్టనివ్వండి. తిడుతున్నాడంటే పందెంలో ఉన్నట్టే కదా! నాకు లోపల ఒకటే ఆరాటం. నేను ఓడిపోవాలని కోరుకున్న పందెం అదొక్కటే. రక్తం ఆగితే బాగుండును, వాడు నన్ను జన్మంతా ఎగతాళి చేసినా సరే అనుకున్నాను.

ఒక ఉదయం కుర్రాళ్ళ చేత గ్రౌండు చుట్టూ పరుగు పెట్టిస్తున్నాను. గోల్‌పోస్టు పక్కన మస్తాన్ నిలబడి ఉన్నాడు. వాడికి గ్రౌండుకి రావడమే అలవాటు లేదు. దగ్గరికి వెళ్ళాను. వాడి మొహంలో నవ్వు లేదు.

“ఆగలేదురా. నేను కారం మానేశాను, రక్తం మానలేదు.”

“మీరాబీకి చెప్పావా?”

“ఆగిపోయిందని చెప్పాను. పాపం, నిన్న కోడికూర వండబోయింది. పందెం అవ్వలేదని ఆపాను.” ఆ మీదట చిన్నగా అన్నాడు, “నాకు భయమేస్తోందిరా కోటీ.”

వాడి నోట ఆ మాట నేను అంతకుముందెప్పుడూ వినలేదు. ఈల ఊదేశాను. కుర్రాళ్ళని ఇళ్ళకి పంపేశాను. ముందు వాణ్ణి వాళ్ళింటికి తీసుకెళ్ళి మీరాబీ ముందు కూర్చోబెట్టాను. వాడు చెప్పలేకపోతే నేనే చెప్పాను. ఆమె ఏడవలేదు. బుర్ఖా వేసుకుని, సంచిలో రెండు జతల బట్టలు కుక్కుకుని, “పదండన్నయ్యా, బస్సు టైమైపోతోంది” అంది. మజ్జిగ ఆర్డరు వేసిన నోటితోనే దారిపొడుగునా వాణ్ణి కడిగేసింది. వాడు కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ కూర్చున్నాడు.

గుంటూరులో మమ్మల్ని చూసింది ఒక డాక్టరమ్మ. చిన్న వయసు, గట్టి గొంతు. నేను ఉత్సాహంగా పందెం కథంతా చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

“ఎన్ని రోజులు పోయాయండీ ఈ పందెంతో?” అంది కోపంగా. “రక్తం కనపడినరోజే రావాలి. పందాలు కాసుకునే విషయమా ఇది?”

“అమ్మా, పందెం కాయకపోతే వీడు ఈ జన్మకి వచ్చేవాడు కాదు.”

ఆమె మస్తాన్ వైపు చూసింది. వాడు నేల చూపులు చూశాడు. “అది నిజమేనండీ డాక్టరుగారూ” అంది మీరాబీ. డాక్టరమ్మ నవ్వాపుకుని పరీక్షకి రాసింది.

ముందురోజు కడుపు శుభ్రం కావడానికి మందునీళ్ళు తాగిస్తారు. అది తాగి మస్తాన్ బాత్రూంకీ మంచానికీ మధ్య చేసిన కవాతు నేను వాడి చేత ఏనాడూ చేయించలేకపోయాను. మర్నాడు మత్తిచ్చి లోపలికి తీసుకెళ్ళారు. బయటికి వచ్చాక డాక్టరమ్మ మమ్మల్ని పిలిచింది. మొలలు ఉన్నాయి, నిజమే. కానీ వాటికి పైన, పేగు గోడకి ఒక గడ్డ ఉంది. దాంట్లోంచి చిన్నముక్క తీసి బయాప్సీకి పంపారు, అంటే కాన్సరా కాదా తేల్చే పరీక్షకి. అది కాన్సరేనని వచ్చింది.

అసలు సంతోషం ఇక్కడే ఉంది. మిగతా స్కానింగులన్నీ చేసి ఆమె చెప్పింది: గడ్డ పేగు దాటి బయటికి పోలేదు, ఆపరేషన్‌తో తీసేయొచ్చు, అంతా బాగుంటే మనిషి మామూలుగా తిరుగుతాడు! నేను ఆసుపత్రి వరండాలోనే చప్పట్లు కొట్టాను. నర్సు వచ్చి కోప్పడింది. కోప్పడనీ!

నేను ఆగుతానా? “చూశారా డాక్టరమ్మా, పొట్టే తెచ్చింది వీడికి!” అన్నాను.

“అలా అనకండి” అంది ఆమె. “ఈయనకి పొట్టవల్లే వచ్చిందని నేను చెప్పలేను. వయసుంటుంది, వంశముంటుంది, మందు, సిగరెట్టు ఉంటాయి. నడుం చుట్టూ కొవ్వు ఎక్కువున్నవాళ్ళలో ఇది ఎక్కువగా వస్తుందన్నది మాత్రం నిజం. బరువు అదుపులో పెట్టుకుంటే ప్రమాదం తగ్గుతుంది. కానీ సన్నగా ఉన్నవాళ్ళకీ వస్తుంది. మీకూ రావచ్చు. రక్తం కనపడితే లావా సన్నమా అని చూసుకోకుండా రావాలి. మీవాళ్ళకి చెబితే ఈ రెండూ కలిపి చెప్పండి.”

ఆమె అన్నది నాకు నచ్చింది. నేను సగమే చదివాను, మిగతా సగం ఆమె చెప్పింది.

ఆపరేషన్ బాగా జరిగింది. కొన్నాళ్ళు కుట్ల నొప్పి, కొన్నాళ్ళు నీరసం. ఆ తర్వాత మస్తాన్ ఒకరోజు తనంతట తనే గ్రౌండుకి వచ్చాడు. పరుగెత్తడానికి కాదు, నడవడానికి. నడుస్తూనే నన్ను తిట్టాడు. ఒక్కడే తిట్టుకోవడం బోర్ కొట్టిందేమో, ఇంకో నాయక్‌ని తీసుకొచ్చాడు. ఆ నాయక్ తన బావమరిదిని తెచ్చాడు. చూస్తుండగానే నా గ్రౌండులో ఒక మూల కుర్రాళ్ళు పరుగెత్తుతుంటే ఇంకో మూల పొట్టల ప్లటూన్ తయారైంది! “సావధాన్!” అని కేకేస్తే అరవయ్యేళ్ళవాళ్ళు టక్కున మడమలు కలుపుతారు. మడమలు కలుస్తాయి, పొట్ట మాత్రం ఒక క్షణం ఆగి సర్దుకుంటుంది. అది చూసి కుర్రాళ్ళు నవ్వుతారు, వాళ్ళని చూసి మేమూ నవ్వుతాం. నా ఉద్యోగంలో ఇంత ఉత్సాహంగా ఈల ఊదింది లేదు.

కానీ నా కోపం అలాగే ఉంది. ఒక్క మస్తాన్ బతికితే చాలా? మా సంఘంలో అందరికీ చెప్పొద్దా? మళ్ళీ శిబిరం వస్తోందని తెలిసి సాబ్‌కి ఫోన్ చేశాను. “చూద్దాం ఉస్తాద్” అన్నారు. మళ్ళీ చేశాను. “కమిటీని అడగాలి” అన్నారు. ఆ కమిటీ అంటే ఆయనేనని అందరికీ తెలుసు. చివరికి మస్తాన్‌ని వెంటబెట్టుకుని సాబ్ ఇంటికే వెళ్ళాను.

మస్తాన్ ఏ మొహమాటం లేకుండా చొక్కా ఎత్తి ఆపరేషన్ మచ్చ చూపించాడు. “సాబ్, ఇది యుద్ధంలో తగిలింది కాదు. కుర్చీలో కూర్చునుండగా తగిలింది. రక్తం పడుతుంటే మొలలనుకున్నాను. కోటిగాడు పట్టుకుపోకపోతే ఈపాటికి మీరు నా సంతాప సభలో మాట్లాడుతుండేవాళ్ళు.”

సాబ్ ఆ మచ్చని చాలాసేపు చూశారు. టీ తెప్పించారు. తను తాగలేదు.

నేను ఊరుకోలేదు. “సర్వీసులో మన బరువు మీద కన్నేసి ఉంచేవాళ్ళు సాబ్. ఇప్పుడెవరూ లేరు. మనకి మనమే చెప్పుకోవాలి. పొట్టని మెచ్చుకోవడం మానేయమని ఒకటి, రక్తం కనపడితే దాచుకోవద్దని ఇంకొకటి. ఐదు నిమిషాలు. ఇస్తారా, ఇవ్వరా? ఇవాళ సమాధానం చెప్పండి.”

“చెబుతాను” అన్నారు. అంతే. గుమ్మం దాకా కూడా రాలేదు. దారిపొడుగునా నేను మండిపడుతూనే ఉన్నాను. “ఆయనకి పొట్ట మీద ప్రేమరా” అన్నాను.

ఈ కేసు నాకేం నేర్పిందని అడుగుతారు. మనిషికి చదివి వినిపిస్తే చాలదు, వాడు ఏ సాకు వెనక దాక్కున్నాడో కనిపెట్టి దాన్ని లాగేయాలి. మస్తాన్ సాకు మిరపకాయ. ఒక్కొక్కడిది ఒక్కొక్కటి. అవమానమని మాట తప్పించేవాడు కూడా దేని వెనకో దాక్కున్నవాడే అయ్యుండొచ్చని మాత్రం నాకు అప్పుడు తట్టలేదు. మర్నాడు పొద్దున్నే, నేను ఇంకా గ్రౌండులోనే ఉండగా సాబ్ ఫోన్ చేశారు. ఆ పెద్ద గొంతు పోల్చుకోలేనంత చిన్నదైపోయింది.

“మైకు నీదే ఉస్తాద్, ఎంతసేపైనా మాట్లాడుకో. కానీ దానికంటే ముందు నన్నొకసారి ఆ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తావా? నాక్కూడా పడుతోంది. ఇంట్లో ఇంకా చెప్పలేదు.”